టన్నుల్లో గుర్తున్న స్క్వాడ్రన్

ఏ వస్తువు చూసినా ముందు దాని బరువెంతుంటుందా అని లెక్కేసే అలవాటు నాకింకా పోలేదు. మొన్న మా వీధిలో పెళ్లికి షామియానా వాళ్ల లారీ వచ్చింది. ఇనుప గొట్టాలు, కుర్చీలు, వంట గిన్నెలు దించుతుంటే దారికి అడ్డమని అందరూ విసుక్కుంటున్నారు, నేను మాత్రం అరుగు మీద కూర్చుని ఇది మూడు టన్నులు దాటదు, కాకపోతే గొట్టాలన్నీ వెనక్కే వేశాడు, ఇదే విమానమైతే పైలట్ చచ్చినా ఒప్పుకోడు అనుకుంటున్నా. మా ఆవిడకి ఇది అలవాటైపోయి ఏమీ అనదు.

మాది భారత వాయుసేనలో 44 స్క్వాడ్రన్. 1961 ఏప్రిల్ 6న సోవియట్ ఏఎన్-12 రవాణా విమానాలతో మొదలైంది, 1985లో ఐఎల్-76 జెట్‌లకి మారింది, ఇప్పటికీ వాటితోనే నడుస్తోంది. మైటీ జెట్స్ అని పేరు. మా వైపు ఊళ్లలో ఎయిర్‌ఫోర్స్ అంటే మిగ్ ఫైటర్ ఒక్కటే. సెలవుకి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు "నువ్వు మిగ్ ఎక్కావా?" అని అడిగేవారు. లేదండీ, నేను సామాన్లు మోసే విమానంలో చేస్తా అంటే "ఓహో" అని వెంటనే వానల గురించి మాట మార్చేసేవారు. వాళ్లని అనడానికి లేదు, అప్పట్లో జనవరి ఇరవయ్యారుకి టీవీలో చూపించేది కూడా ఆ మిగ్‌లనే కదా. కానీ ఏ స్క్వాడ్రన్ చరిత్రైనా చెప్పమంటే యుద్ధాలు, పతకాలు, కమాండింగ్ ఆఫీసర్ల ఫొటోలు వరసగా చూపిస్తారు చూశారా, మా స్క్వాడ్రన్‌కి అది సరిపోదు. మా చరిత్రంతా విమానం కడుపులో ఏ రోజు ఏం వేశామన్నదే. అది చెబితే అన్నీ చెప్పినట్టే.

మాది అద్దంకి దగ్గర పల్లె. ఇంటర్ అయిన కొత్తలో ఎయిర్‌మన్ సెలెక్షన్‌కి వెళ్లి తగిలాను. బెల్గాం పక్కన సాంబ్రాలో డ్రిల్లు, తాంబరంలో విమానం ఒంటికి మరమ్మతులు చేసే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ పని నేర్చుకోవడం, కొన్నేళ్లు రెంచీ పట్టుకుని ఎండలో టార్మాక్ మీద మాడటం. ఆ తర్వాత ఫ్లైట్ గన్నర్లని తీసుకుంటున్నారని తెలిసి అప్లై చేశాను. దేశభక్తి సంగతి సరే, ఎగిరితే ఫ్లయింగ్ అలవెన్సు వస్తుంది, చెల్లెలి పెళ్లి ఉంది. అలా ఏఎన్-12ల చివరి రోజుల్లో 44లో పడ్డాను.

గన్నర్ అంటే ఏఎన్-12 తోకలో ఒక చిన్న గది ఉంటుంది, అందులో తుపాకుల వెనక కూర్చుంటాడు. విమానంలో అందరూ ముందుకి చూస్తూ వెళ్తే గన్నర్ ఒక్కడే వెనక్కి చూస్తూ వెళ్తాడు. నేనైతే ప్రాక్టీసు రేంజిలో తప్ప ఎక్కడా పేల్చలేదు. అసలు పనంతా లోడు దగ్గర. ఏది ముందు వెయ్యాలి, ఏది మధ్యలో, ఏ గొలుసు ఏ కొక్కేనికి, ఎంత బిగువు, ఇదీ మా ఉద్యోగం. జీపు కట్టేటప్పుడు నాలుగు మూలలా గొలుసులు ఎదురెదురుగా లాగి కట్టాలి. కట్టాక టర్న్‌బకిల్ తిప్పి బిగించి, కాలితో గొలుసు మీద ఒక్క తన్ను తన్నాలి. చప్పుడు బట్టి బిగిసిందో లేదో తెలిసిపోతుంది. ఈ తన్నే విద్య ఏ పుస్తకంలోనూ లేదు. నాకు నేర్పిన కేరళ వారెంట్ ఆఫీసర్ గారు కళ్లు మూసుకుని చప్పుడు విని "మూడోది వదులు" అని చెప్పేవారు. ఆయనకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరి హిందీ వింటే పంజాబీ వాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవారు.

క్రూ రూమ్‌లో వాతావరణం బాగుపడే దాకా టీలు తాగుతూ కూర్చోవడమే సగం ఉద్యోగం. సీనియర్ల కథలన్నీ అక్కడ విన్నవే. అందరూ మళ్లీ మళ్లీ చెప్పేది 1962. అక్టోబర్‌లో చైనా వాళ్లు మీదికొచ్చినప్పుడు లద్దాఖ్‌లోని చుషూల్‌కి ట్యాంకులు కావాల్సి వచ్చింది. రోడ్డు మీద పంపేంత టైము లేదు, ఆ రోడ్డు కూడా అంతంత మాత్రమే. చండీగఢ్‌లో ఏఎన్-12ల్లోకి ఏఎంఎక్స్-13 ట్యాంకులు ఎక్కించారు, 20 లాన్సర్స్ అనే ట్యాంకుల రెజిమెంట్ వాళ్లవి. చిన్న ట్యాంకే అంటారు గానీ పద్నాలుగు టన్నుల పైమాట. విమానం కొని ఏడాదిన్నర దాటిందంతే, దిగాల్సింది సుమారు 14,000 అడుగుల ఎత్తులో ఉన్న ఎయిర్‌స్ట్రిప్ మీద. విమానం లోపలి నేల మీద బరువు ఒకే చోట పడకుండా చెక్కలు పరిచి, తిరిగి రావడానికి సరిపడా మాత్రమే ఇంధనం ఉంచి తీసుకెళ్లారట. ఏఎన్-12కి ఇంకో తలనొప్పి ఉంది. దాని వెనక తలుపులు రెండు రెక్కలుగా లోపలికి మడుచుకుంటాయి. ర్యాంపు విమానంతో పాటు ఉండదు, విడిగా తెచ్చి తగిలించాలి. ఆ ఎత్తులో నాలుగడుగులు నడిస్తేనే ఆయాసం. అక్కడ ర్యాంపు మోసి, తగిలించి, ట్యాంకు దింపడం అంటే ఏమిటో లేహ్‌లో నాలుగు పెట్టెలు దించినవాడికి తెలుస్తుంది.

ఇంకో కథ 1971 పాకిస్తాన్ యుద్ధానిది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. వాయుసేనకి బాంబర్లు తక్కువగా ఉంటే ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఏఎన్-12లనే బాంబర్లు చేసేశారు. లోపల రోలర్లు బిగించి, పలకల మీద బాంబులు పేర్చి, వెనక తలుపులు తెరిచి దొర్లించడం. అంటే రోజూ బియ్యం బస్తాలు పారాచూట్లతో తోసే మనుషులే ఆ రాత్రి బాంబులు తోశారన్నమాట. కమాండింగ్ ఆఫీసర్ వింగ్ కమాండర్ విద్యాభూషణ్ వశిష్ఠ్. యుద్ధం మొదలైన రాత్రే ఆయన ముందుండి విమానాల్ని లాహోర్ అవతల చాంగా మాంగా అడవిలో దాచిన మందుగుండు డిపో మీదికి తీసుకెళ్లారు. నెమ్మదిగా పోయే నాలుగు ప్రొపెల్లర్ల విమానం, చీకట్లో, తక్కువ ఎత్తులో, శత్రువు ఫైటర్లు తిరిగే చోటికి. వెళ్లినవన్నీ తిరిగొచ్చాయి. ఆయనకి మహావీరచక్ర ఇచ్చారు. ఆ ట్రిప్పుల్లో వెనక నిలబడి తోసినవాళ్లలో ఒకాయన నేను చేరేటప్పటికి రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్నారు. ఎలా ఉండింది సార్ అని అడిగితే, తలుపు తెరిస్తే చలికి చేతులు కొంకర్లు పోయాయి, అంతకంటే ఏం గుర్తులేదు అన్నారు. అదే డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టంగైల్ దగ్గర 2 పారా బెటాలియన్‌ని పారాచూట్లతో దింపినప్పుడూ ప్యాకెట్, డకోటా, కారిబూ అనే రవాణా విమానాలతో పాటు ఏఎన్-12లు ఉన్నాయి. వారం తిరిగేసరికల్లా బాంబులు పోయి మనుషులు.

యుద్ధాలు ఎప్పుడో గానీ రావు. ఏడాది పొడుగునా ఉండేది లేహ్.

చలికాలం జోజిలా, రోహ్‌తాంగ్ రెండు దార్లూ మూసుకుపోతే లద్దాఖ్‌కి మిగిలేది గాలి ఒక్కటే. చండీగఢ్‌లో డిటాచ్‌మెంట్, అంటే మాలో కొందరి మకాం, పడేది. పొద్దున్నే చీకట్లో లేవాలి, ఎందుకంటే మధ్యాహ్నానికి లేహ్‌లో గాలి లేస్తుంది, ఇక దిగనివ్వదు. మంచు కొండల మీదుగా గంటా గంటంబావు వెళ్తే సింధు లోయలోకి జారతాం, స్పితుక్ మఠం ఉన్న గుట్ట పక్కనుంచి దిగడం. రన్‌వే 10,600 అడుగుల పైన, పైగా ఏటవాలు, దిగేది ఎత్తు వైపు, ఎగిరేది పల్లం వైపు. అక్కడ ఇంజిన్లు ఆపేవాళ్లం కాదు. ఆ చలిలో, ఆ పల్చటి గాలిలో ఆపితే మళ్లీ ఎప్పుడు లేస్తుందో తెలీదు. నాలుగు ప్రొపెల్లర్లూ తిరుగుతూనే ఉంటాయి, ఆ హోరులో, ఆ దుమ్ములో, ముక్కు మీద చర్మం చిట్లుతుంటే లోడు దించాలి. మాట వినపడదు, అంతా చేతి సైగలే. ఆర్మీ లేబర్ పార్టీ కుర్రాళ్లు ఎంత త్వరగా దించితే అంత మంచిది. కాళ్ల కింద మంచు, ముఖం మీద ఇంజిన్ల కిరోసిన్ వేడి.

ఏం తీసుకెళ్లేవాళ్లం అని అడిగితే ఏం తీసుకెళ్లలేదో చెప్పడం తేలిక. కిరోసిన్ పీపాలు, పప్పు, పాలపొడి, కోడిగుడ్లు, రజాయిలు, సిమెంటు, ఫిరంగి గుండ్లు, ఉత్తరాల సంచులు, జనరేటర్లు, బ్రతికున్న మేకలు. మేకల్ని ఆర్మీ కాగితాల్లో మీట్ ఆన్ హూఫ్ అంటారు. నడిచే మాంసం లెక్కన రాసేవాళ్లు. ఏఎన్-12లో సామాన్లుండే చోట ప్రెజరైజేషన్, అంటే పైకెళ్లినా లోపల గాలి ఒత్తిడి తగ్గకుండా చూసే ఏర్పాటు, ఉండదు, పైలట్ల వెనక చిన్న గదికి మాత్రమే. వెనక కూర్చున్న జవాన్లకి ఆక్సిజన్ గొట్టాలు. మేకలకి ఎవరిస్తారు? పాపం ఎక్కేటప్పుడు గోల గోలగా అరిచేవి, పైకి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ నోరు మూసుకుని మోకాళ్ల మీద వాలిపోయేవి, లేహ్‌లో దించితే తూలుకుంటూ లేచి నడిచేవి. ఆ వాసన మూడు రోజులు పోదు. తర్వాతి ట్రిప్పులో ఎక్కిన కల్నల్ గారు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటే మేం మొహం తిప్పుకుని నవ్వుకునేవాళ్లం.

ఆ ప్రెజరు సంగతి మా ఆవకాయ కూడా తెలుసుకుంది. లేహ్ హాస్పిటల్లో మెడికల్ అసిస్టెంట్‌గా తెనాలి కుర్రాడొకడు ఉండేవాడు. మా అమ్మ పంపిన దాంట్లోంచి కాస్త వాడికిద్దామని పాలపొడి డబ్బాలో ఆవకాయ పోసి, మూత చుట్టూ టేపు చుట్టి, బూట్ల సంచిలో పెట్టి వెనక కొక్కేనికి తగిలించాను. పైకి వెళ్లాక చూస్తే మూత బుడగలా ఉబ్బింది. నేను చేయి వేసేలోపే టప్‌మని లేచిపోయి, ఎర్రటి నూనె సంచిలోంచి కారి పక్కన కూర్చున్న రాజస్థానీ హవల్దార్ గారి కోటు మీద పడింది. ఆయన రక్తం అనుకున్నాడు! ఆ మాస్కులో ఆయన కళ్లు పెద్దవైపోవడం ఇప్పటికీ కనపడుతుంది. వాసన పీల్చమని మాస్కు తీయించి చూపిస్తే గానీ నమ్మలేదు. మిగిలిన సగం తెనాలి కుర్రాడు రొట్టెల్లో నంజుకుని తిన్నాడు, ఇంకా ఉందా అని కూడా అడిగాడు.

లేహ్ గురించి ఇంత చెప్పి 1968 సంగతి చెప్పకపోతే తప్పు. ఆ ఏడు ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కి బయల్దేరిన ఏఎన్-12, నంబర్ బీఎల్-534, వాతావరణం బాగోక వెనక్కి తిరిగి రోహ్‌తాంగ్ ప్రాంతంలో మాయమైంది. 102 మంది. ఎక్కువమంది సెలవు ముగించుకుని డ్యూటీకి వెళ్తున్న జవాన్లు. మా రోజుల్లో దాని పేరు క్రూ రూమ్‌లో ఎవరూ ఎత్తేవారు కాదు. పొద్దున్నే అదే దారిలో వెళ్లాలి మరి. గన్నర్‌గా తోకలో కూర్చుని వెనక్కి చూస్తుంటే ఆ మంచు నదులన్నీ కింద నెమ్మదిగా జరిగిపోతుంటాయి, వీటిలో ఎక్కడో ఉంది అని ఒక్కసారైనా అనుకోని వాడు ఉండడు. 2003లో పర్వతారోహణ బృందానికి హిమాచల్‌లోని ఢాకా గ్లేసియర్ దగ్గర శకలాలు దొరికాయి. తర్వాత అడపాదడపా ఒకటీ రెండూ దేహాలు. 2024 సెప్టెంబర్ చివర్లో ఇంకో నాలుగు, 56 ఏళ్ల తర్వాత.

అదే 2024 జనవరిలో ఇంకో కబురు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32 శకలాలు చెన్నై తీరానికి దూరంగా దాదాపు 3,400 మీటర్ల లోతున కనిపించాయని ప్రకటించారు. అది మా స్క్వాడ్రన్ విమానం కాదు, చిన్నది. కానీ అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. రిటైరయ్యాక నేను స్థిరపడింది విశాఖలోనే. ఆ జూలైలో ఎన్ఏడీ కొత్త రోడ్ దగ్గర ఏ టీ కొట్టుకి వెళ్లినా అదే మాట. నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేశానని తెలిసినవాళ్లు వచ్చి, ఎక్కడైనా దీవిలో దిగి ఉండొచ్చు కదండీ అని అడిగేవారు. ఏం చెప్పను? అవకాశం ఉందండీ అనేవాణ్ణి.

సరే, 1985. ఐఎల్-76 వచ్చింది. తాష్కెంట్ ఫ్యాక్టరీలో తయారైంది. మొదటిసారి ర్యాంపు ఎక్కి లోపల నిలబడితే మార్కెట్ యార్డు గోడౌన్‌లోకి వెళ్లినట్టే ఉంది. ఏఎన్-12 ఇరవై టన్నులకి మూలిగేది, ఇది నలభై పైన ఎత్తుతుంది. నాలుగు జెట్ ఇంజిన్లు, చక్రాలే ఇరవై, ముక్కు కింద అద్దాల గదిలో నావిగేటర్, సీలింగ్‌లో పట్టాల మీద నడిచే కరెంటు హాయిస్టులు. ర్యాంపు విమానంతోనే ఉంది! ఆ ఒక్కదానికే మేం సోవియట్ వాళ్లకి దండం పెట్టాం. పైగా మొత్తం ప్రెజరైజ్డ్, ఇక ఆవకాయకి ఢోకా లేదు. కాకపోతే స్విచ్చుల మీద రాతలన్నీ రష్యన్‌లో. రంగు పెన్సిల్‌తో నోటు పుస్తకంలో ఆ అక్షరాలు దిద్దుకుంటూ మళ్లీ ఒకటో తరగతి చదివాం. మనవాళ్లు గజరాజ్ అని పేరు పెట్టారు.

అప్పటికి స్క్వాడ్రన్ ఆగ్రా. విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగడం, అక్కణ్ణుంచి ఖేరియా ఎయిర్‌బేస్. కుటుంబాన్ని అక్కడికే తెచ్చుకున్నాను. మే నెలలో లూ అనే వడగాలి కొట్టేటప్పుడు టార్మాక్ మీద విమానం ఒంటి మీద చేయి పెడితే బొబ్బలెక్కేది. క్వార్టర్స్‌లో నాలుగైదు తెలుగు కుటుంబాలు. ఎవరింటికి ఊరి నుంచి చుట్టాలొచ్చినా తాజ్‌మహల్ చూపించే డ్యూటీ వంతులవారీగా పడేది. నా పెద్దకొడుకు పుట్టింది అక్కడే. వాడు ఉయ్యాల్లో ఉండగా విమానం ఎగిరితే నిద్రపోయేవాడు, నిశ్శబ్దంగా ఉంటే ఏడ్చేవాడు. సెలవుకి ఊరెళితే రాత్రంతా జాగారమే.

1987లో శ్రీలంక. జూలై చివర్లో సికింద్రాబాద్‌లో ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్‌ని జాఫ్నా పక్కన పలాలీ ఎయిర్‌ఫీల్డ్‌కి చేర్చడంతో మొదలైంది. మొదట్లో అందరూ శాంతి సైన్యం అంటుంటే మాకూ టెన్షన్ లేదు, జవాన్లు కెమెరాలు కూడా తెచ్చుకున్నారు. అక్టోబర్‌లో తమిళ టైగర్లతో పోరు మొదలయ్యాక రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. టీ-72 ట్యాంకు ఎక్కించడం చూశాను, ఒక్క విమానానికి ఒక్క ట్యాంకు, నలభై ఒక్క టన్ను. తోక కింద ఆసరా జాకీలు దింపి పెట్టాలి, లేకపోతే ట్యాంకు ర్యాంపు మీదికి రాగానే విమానం ముక్కు లేస్తుంది. డ్రైవరుకి తల ఒక్కటే బయట, పక్కలు కనపడవు. ముందు నిలబడి చేతులతో చూపించేవాడు చెప్పినట్టు అంగుళం అంగుళం జరపాలి. అటూ ఇటూ అరచెయ్యి పట్టేంత సందు. ఆ ట్యాంకు ఎక్కుతుంటే విమానం నేల చేసే మూలుగు వింటే గుండె జారిపోయేది. గొలుసులు కట్టాక వరసగా తన్నుకుంటూ వచ్చాను, కేరళ గురువుగారి పేరు తలుచుకుని.

వెళ్లేటప్పటి లోడు గురించి ఎవరైనా చెబుతారు. వచ్చేటప్పుడు ఏం తెచ్చాం అన్నదే ఎక్కువమంది చెప్పరు. స్ట్రెచర్లు అంతస్తులు అంతస్తులుగా. చివర ర్యాంపు దగ్గర పెట్టెలు. వాటికి కూడా గొలుసులు కట్టాలి, కానీ తన్నకూడదు, చేత్తో లాగి చూసేవాళ్లం. ఒక రాత్రి కింది వరసలో ఒక కుర్రాడు నా యాస విని "అన్నా, తెలుగోళ్లా?" అన్నాడు. పలాస దగ్గరి ఊరు, మద్రాస్ రెజిమెంట్. మోకాలి కింద కట్టు. ఈ విమానం మావూరి మీంచి పోద్దా అని అడిగాడు. లేదు తమ్ముడూ, ఇది మద్రాసు అన్నాను. అయితే అమ్మకి ఉత్తరం రాసిపెట్టమన్నాడు, దెబ్బ సంగతి రాయొద్దు, కామెర్లు వచ్చాయి, నెల రోజులు హాస్పిటల్లో పథ్యం, అందుకే పండక్కి రాలేను అని రాయి అన్నాడు. ఇంజిన్ల హోరులో వాడు చెప్పేది వినడానికి చెవి వాడి నోటి దగ్గర పెట్టి ఇన్‌లాండ్ లెటర్ మీద రాశాను. కామెర్లంటే తల్లి ఆకుపసరు మందు తీసుకుని బయల్దేరుతుందేమో, జ్వరం అని రాద్దామా అన్నాను. అవును కదా, జ్వరమే రాయి అని నవ్వాడు. మద్రాసులో దింపాక అంబులెన్సులో వెళ్లిపోయాడు. ఉత్తరం మర్నాడు పోస్టు చేశాను.

మాల్దీవులు అందరికీ తెలిసిన కథే, 1988 నవంబర్ 3. పొద్దున్నే కబురు. శ్రీలంక తమిళ మిలిటెంట్ గ్రూపు ప్లాట్ మనుషుల్ని కిరాయికి తెచ్చుకుని అబ్దుల్లా లుతూఫీ అనే వ్యాపారి మాలేలో తిరుగుబాటు చేశాడు, అధ్యక్షుడు గయూమ్ ఎక్కడో దాక్కుని సాయం అడుగుతున్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది, ఆ పొద్దున తెలిసింది ఒకటే, ఉన్న విమానాలన్నీ సిద్ధం చేయండి, ఎక్కడికని అడగొద్దు. ఆగ్రాలోనే పారాచూట్ సైనికుల పారా బ్రిగేడ్ కూడా. మధ్యాహ్నానికి వాళ్ల ట్రక్కులు బారులు తీరాయి. పారాచూట్లతో దూకుతారని ఒకసారి, కాదు నేరుగా దిగుతారని ఇంకోసారి. మాకు అది చిన్న విషయం కాదు, దూకడానికి ఒక రకం లోడింగు, దిగడానికి ఇంకో రకం. జీపులు ముందెక్కాలా వెనకెక్కాలా అన్నది దాని మీదే ఉంది. కట్టినవి విప్పి మళ్లీ కట్టాం. బ్రిగేడియర్ బుల్సారా, మన రాయబారి బెనర్జీ గారు (ఆయన అప్పుడు ఢిల్లీలో ఉన్నారు) ఎక్కారు. చేతిలో ఉన్నవి టూరిస్టు మ్యాపులు. సాయంత్రం రెండు ఐఎల్-76లు లేచాయి. ముందు దాంట్లో మా కమాండింగ్ ఆఫీసర్ గ్రూప్ కెప్టెన్ బేవూర్. రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కడా ఆగకుండా, రాత్రి పూట, సముద్రం మధ్యలో ఒక పట్టీ లాంటి హుల్‌హులే రన్‌వే మీద. ఆ ఎయిర్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో దిగితే గానీ గట్టిగా తెలీదు. కింద దీపాలు కొన్ని క్షణాలు వెలిగించి ఆర్పేశారు, అంతే, దిగిపోయారు.

నేను ఆ రెండింటిలో లేను. ఆ రాత్రి ఆగ్రాలో ఎవరూ ఇంటికి పోలేదు. వంటవాళ్లు పూరీలు చేసి టార్మాక్ దగ్గరికే తెచ్చారు, చల్లారిపోయినా ఎవరూ ముట్టుకోలేదు. దిగారు అని కబురు వచ్చాక అన్నీ అయిపోయాయి. నేను వెళ్లింది తర్వాతి విమానాల్లో ఒక దాంట్లో. తెల్లారి హుల్‌హులేలో దిగి చూస్తే రన్‌వే ఈ చివరా నీళ్లే, ఆ చివరా నీళ్లే. పైలట్లు నిజంగా మహానుభావులు అని అప్పుడు ఒప్పుకున్నా, అంతకు ముందు మనసులో ఎన్ని తిట్టుకున్నా. అప్పటికే పారా వాళ్లు పడవల్లో మాలేకి దాటి గయూమ్‌ని కాపాడేశారు. తిరుగుబాటుదార్లు బందీలతో ఓడలో పారిపోతే నేవీ వాళ్లు వెంటపడి పట్టుకున్నారు. పట్టుకున్న నౌక పేరు ఐఎన్ఎస్ గోదావరి. మా రాజమండ్రి కార్పొరల్ ఒకడు దానికి నెల రోజులు కాలర్ ఎగరేశాడు, వాడే తోలినట్టు.

1991 తర్వాత స్పేర్ పార్టుల కష్టాలు మొదలయ్యాయి. డిజైన్ చేసినవాళ్లు రష్యాలో, తయారుచేసిన ఫ్యాక్టరీ ఉజ్బెకిస్తాన్‌లో, నిన్నటిదాకా ఒకే దేశం, ఇప్పుడు వేరు వేరు. ఒక విమానం భాగాలు విప్పి ఇంకోదానికి పెట్టి నడిపిన రోజులున్నాయి. ఆ గొడవల మధ్యలోనే నేను పెన్షన్ తీసుకుని వచ్చేశాను. తర్వాతివన్నీ టీవీలో, స్నేహితుల ఫోన్లలో. భుజ్ భూకంపం, సునామీ. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు మన ఐఎల్-76 ఒకటి అర్కాన్సాలోని లిటిల్ రాక్ దాకా దుప్పట్లు, మందులు మోసుకెళ్లింది. అమెరికాకి మనం సాయం పంపడం! మా గ్రూపులో ఆ రోజు ఫోన్లే ఫోన్లు. 2013లో సీ-17లు వచ్చాయి, వేరే స్క్వాడ్రన్‌కి. అవి బాగుంటాయట, లోపల మాట కూడా వినిపిస్తుందట.

2014 డిసెంబర్‌లో మాలేలో మంచినీళ్ల ప్లాంటు తగలబడి ఊరంతటికీ నీళ్లు లేకుండా పోయాయి. మన వాయుసేన సీ-17లు, ఐఎల్-76ల్లో నీళ్లు పంపింది. వార్తల్లో విమానం లోపల చూపించారు. పాతికేళ్ల క్రితం జీపులు కట్టిన అదే కొక్కేలకి నీళ్ల సీసాల కట్టలు. మా ఆవిడ చూసి, ఇంత పెద్ద విమానంలో ఇంతేనా వేసేది, సగం ఖాళీగా ఉందిగా అంది. నీళ్ల లోడు అంతే, కంటికి కొంచెమే, తూకానికి ఎక్కువ. ఒక లీటరు ఒక కిలో, విమానం సగం కూడా నిండకముందే టన్నులు అయిపోతాయి. రజాయిలు దీనికి ఎదురు, విమానం నిండిపోతుంది గానీ బరువుండదు. వెంటనే నాగపూర్‌లో ఉన్న పాత గన్నర్ మిత్రుడికి ఫోన్ చేసి, ఆ కట్టలు ముందుకి ఇంకో రెండు అడుగులు జరపాల్సింది కదరా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. సముద్రం మీద అంత దూరం వెళ్లేదానికి ఇంధనం ఎంత ఉంటుందో లెక్కలో వేసుకోకుండా మాట్లాడతావేంటి అన్నాడు. కాగితం, పెన్ను తెచ్చుకో అన్నాను. తెచ్చుకున్నాడు. ఇద్దరి లెక్కలూ ఇప్పటికీ కుదరలేదు, మొన్న సంక్రాంతికి శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసి కూడా అదే ఎత్తాడు.